రాజ్‌దూత్‌కి రాని డిస్కు

మొన్న శుక్రవారం పొద్దున్నే, ఎండ ముదరకముందే, బౌషర్-అమెరాత్ కొండదారి మీంచి దిగుతున్నాను. వెనక మా ఆవిడ. ఒక మలుపులో ముందు బ్రేకు పట్టుకుంటే లీవరు వేళ్ళ కింద నాడి కొట్టుకున్నట్టు కొట్టుకుంది. ఆవిడకి చెప్పలేదు. గేర్లు తగ్గించుకుంటూ దిగి, సీబ్ దాకా అరవై దాటకుండా వచ్చాను. "ఇవాళేంటి ఇంత బుద్ధిగా తోలారు?" అంది.

సాయంత్రం వెర్నియర్ పెట్టి ముందు డిస్కులు కొలిచా. 4.8 మిల్లీమీటర్లు. డిస్కు మీదే చెక్కి ఉంది, కనీస మందం 4.5 అని. హమ్మయ్య అనుకున్నా. మర్నాడు మబేలాలో మలయాళీ మెకానిక్‌కి ఈ లెక్క చెబితే నవ్వాడు. ప్యాడ్ డిస్కు చివరంచు దాకా పోదు కదా, అక్కడ అరగని గట్టు మిగులుతుందట. నా వెర్నియర్ ఆ గట్టు మీద కూర్చుని దాని మందమే చెప్పింది. అతను మైక్రోమీటర్ తీసి గట్టు లోపల కొలిస్తే ఎడమది 4.3, కుడిది 4.4. పైగా చుట్టూ ఒక్కో చోట ఒక్కో మందం. లీవరు కొట్టుకున్నది అందుకే. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసినవాడికి కొలవడం రాలేదన్నమాట!

కౌంటరు మీద మూడు రకాలు పెట్టాడు. పేరూ ఊరూ లేనివి, ఒక్కోటి 15 రియాళ్ళు. యూరప్ కంపెనీవి 55. బండి కంపెనీవి 80. నా వీ-స్ట్రోమ్‌కి ముందు రెండు డిస్కులు, మార్చితే జతగా మార్చాలి, కొత్త ప్యాడ్లు అదనం. రేపు చెబుతానని ఇంటికొచ్చి నరసరావుపేటకి, మామయ్యకి ఫోన్ చేశా. ఎనభైల్లో రాజ్‌దూత్ 350 తోలిన మనిషి.

"డిస్కుల గురించి నన్నడుగుతావేంట్రా అల్లుడూ? మాకెక్కడివి డిస్కులు!" అన్నాడు.

నిజమే, కానీ అందులో ఒక తిరకాసు ఉంది. డిస్క్ బ్రేకు మనం అనుకునేంత కొత్తది కాదు. బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే పేటెంటు తీసుకున్నాడు. ఆయన రాగి ప్యాడ్లు వాడితే బ్రేకు వేసినప్పుడల్లా కీచుమని ఒకటే గోల. ఆ ఊహ చాలాకాలం మూలన పడింది. 1953లో లీమాన్స్ పందెం జాగ్వార్ కారు డిస్క్ బ్రేకులతో గెలిచాక అందరి కళ్ళూ మళ్ళీ దానిమీద పడ్డాయి. రెండు చక్రాల బళ్ళలో 1962లో ఇటలీ లాంబ్రెట్టా టీవీ175కి ముందు చక్రాన డిస్కొచ్చింది. (మన విజయ్ సూపర్ కూడా లాంబ్రెట్టా వంశమే. డిస్కు మాత్రం మన వాటాకి రాలేదు.)

ఇక హోండా సీబీ750. ఆ బండి రూపకల్పనకి పెద్ద హరాదా అనే ఇంజనీరు. ఆయన ముందు రెండు దారులున్నాయి. బాగా పరీక్షించి చూసిన డ్రమ్ము, ఇంకా పని మిగిలిన డిస్కు. డిస్కంటే ఆలస్యమవుతుందని చెప్పి సోయిచిరో హోండానే అడిగాడు. ఆయన క్షణం ఆలోచించకుండా డిస్కే అన్నాడట. 1969లో బండి అమ్మకానికి వచ్చింది. తర్వాత మిగతా కంపెనీలకి తప్పలేదు.

1973లో వచ్చిన యమహా ఆర్‌డీ350కీ ముందు డిస్కే. అదే బండిని ఎస్కార్ట్స్ వాళ్ళు 1983లో రాజ్‌దూత్ 350గా మన దగ్గర తెచ్చారు. అసలు దాని శక్తి 39 హార్స్‌పవర్. దాన్ని ముప్ఫై దరిదాపులకి దించారు, ఖర్చు తగ్గించడానికి డిస్కు తీసేసి 7 అంగుళాల డ్రమ్ము పెట్టారు. 1989 దాకా అలాగే తయారైంది. మామయ్యకి ఈ సంగతి ముప్ఫై ఏళ్ళ తర్వాత నేను చెబితేగానీ తెలీదు.

"అందుకనా! నేను చిలకలూరిపేట అడ్డరోడ్డు కనపడగానే గేర్లు దించడం మొదలెట్టేవాణ్ణి. నాకు పిరికితనం అనుకునేవాడు మీ నాన్న."

ఆయనకి కోపమేమీ రాలేదు. నాకూ అది మోసం అనిపించదు. 1985లో నరసరావుపేటలో డిస్కు అరిగితే కొత్తది ఎక్కడ దొరికేది? డ్రమ్ముకైతే ఏ వీధి మెకానికైనా బ్రేకు షూలు మార్చేవాడు. మన రోడ్ల మీద డిస్కులు విరివిగా కనిపించింది 1999లో సీబీజెడ్, 2001లో పల్సర్ వచ్చాకనే.

సరే, మబేలా కౌంటరుకి వద్దాం. డెబ్భైల్లో జపాన్ వాళ్ళు స్టెయిన్‌లెస్ స్టీలు డిస్కులు పెట్టారు. తుప్పు పట్టవు, మెరుస్తాయి, కానీ వానలో సరిగా పట్టేవి కావు. ఇటలీ వాళ్ళు చాలాకాలం పోత ఇనుమునే నమ్ముకున్నారు. అది తడిలోనూ పడుతుంది, రాత్రికి రాత్రే తుప్పూ పడుతుంది. తర్వాత స్టీలుకి చిల్లులు పెట్టి, లోహపు పొడిని కాల్చి గట్టిపరచిన ప్యాడ్లు వాడి ఆ వాన జబ్బు వదిలించుకున్నారు. సముద్రం పక్కన సీబ్‌లో, ఈ ఉప్పుగాలికి, స్టీలు తప్ప నాకు వేరే ఆలోచన లేదు.

15 రియాళ్ళ దాన్ని తిప్పి చూశా. అదీ స్టీలే, చూపులకి బాగానే ఉంది. కానీ కనీస మందం ఎంతో ఎక్కడా చెక్కలేదు. దాన్ని ఎప్పుడు పారెయ్యాలో చేసినవాడే చెప్పకపోతే నేను మైక్రోమీటర్ కొనుక్కుని మాత్రం ఏం లాభం? 80 రియాళ్ళ దానికి మనసు పీకింది గానీ, యూరప్ వాళ్ళ దాని మీద 4.5 అంకె స్పష్టంగా ఉంది, బోల్టు చిల్లులు సరిపోయాయి. ఆ జతే తీసుకున్నా. పాత ప్యాడ్లు ఇంకా సగం ఉన్నాయి, అయినా పాత డిస్కు గాళ్ళకి అరిగిన వాటిని కొత్తదాని మీద వేయొద్దన్నాడు మెకానిక్. వేయలేదు. మొదటి రెండు వందల కిలోమీటర్లు గట్టిగా పట్టొద్దని కూడా చెప్పాడు.

బిగించాక ఫోటో తీసి మామయ్యకి పంపా.

"ఈ చిల్లులెందుకురా?"

"వానలో నీటిపొర తెగడానికి మామయ్యా."

"మీ సీబ్‌లో వానెక్కడ ఏడ్చిందిరా!"