నడక నేరమైన కాలం నుంచి మన పరుగు దాకా



ఆమడగూరు చుట్టుపక్కల తండాల నుంచి కదిరికో, ధర్మవరానికో, అనంతపురానికో డిగ్రీ చదువుకు పోయిన మనం తెల్లారుజామున లేచి ఎందుకు పరిగెత్తుతాం? కానిస్టేబుల్ సెలక్షన్‌లో 1600 మీటర్ల పరుగు ఉంది కాబట్టి. లిస్టులో పేరు రాలేదంటే ఆ రోజే బూట్లు మూలన పడేస్తాం. మేమూ అదే చేశాం. మనసు కుంగేది సరిగ్గా అప్పుడే. ఆ పొరపాటు గురించే ఈ నాలుగు మాటలు.

మన పెద్దోళ్లకు నడకే బతుకు. సుగాలీ తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కన్ అంతా తిరిగారు. సైన్యాలకు గింజలు చేర్చిందీ వాళ్లే. బ్రిటిష్ కాలంలో రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ బేరం పడిపోయింది. 1871లో నేరస్థ జాతుల చట్టం పుట్టింది, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలవాళ్ల లాంటి సంచార జనాన్ని పుట్టుకతోనే నేరస్థులని రాసేశారు. పోలీసుకు చెప్పకుండా ఊరు దాటితే శిక్ష. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో. అంటే నడవడం నేరం కాకుండా పోయి ఇంకా వందేళ్లు కాలేదు.

మన రక్తంలోనే పరుగుందని మురిసిపోవడానికి ఇది చెప్పడం లేదు. తాతలు నడిచింది కడుపు కోసం. ఓర్పు సాధనతోనే వస్తుంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల గిరిజన బిడ్డ, సంక్షేమ గురుకులంలో చదివిన పిల్ల. అప్పటికి వయసు 13 ఏళ్ల 11 నెలలు. భువనగిరి బండ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్, లడఖ్‌లలో శిక్షణ అయ్యాకే అంత ఎత్తుకు పోయింది.

ఆగకుండా చాలాసేపు గుండెకు, ఊపిరికి పని పెట్టేది ఏరోబిక్ వ్యాయామం. 1968లో అమెరికా డాక్టర్ కెన్నెత్ కూపర్ పుస్తకంతో ఆ మాట జనంలోకొచ్చింది. పరిగెత్తితే గుండె దడదడలాడుతుంది, చెమట పడుతుంది. పరీక్ష హాల్లో భయపడినా అంతే. ఆ దడ వచ్చి, మళ్లీ తగ్గడం రోజూ చూసినోళ్లకు దానంటే బెదురు తగ్గుతుంది. జర్మనీలో వ్యాయామం అలవాటు లేని కాలేజీ విద్యార్థులకు 20 వారాలు ఏరోబిక్ శిక్షణ ఇచ్చారు. పరీక్షల రోజుల్లో వాళ్లు మిగతావాళ్లకంటే తక్కువ చలించారని 2016లో అచ్చయిన అధ్యయనం చెప్పింది. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, లేదా 75 నిమిషాల గట్టి శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

పరుగు ఫీజు కట్టదు, స్కాలర్‌షిప్ తేదు, కులం పేరుతో చేసే ఎగతాళిని ఆపదు. వాటికోసం కొట్లాడాల్సిందే. రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, బతకొద్దనిపించినా పరుగొక్కటే చాలదు. టెలి మానస్ 14416కు వెంటనే ఫోన్ చేయండి.

సెలక్షన్ పోయిన మర్నాడు కూడా బూట్లు కట్టుకోండి. చెల్లెళ్లూ, నలుగురు కలిసి పోండి. ఈసారి టైము చూసేవాళ్లు ఎవరూ ఉండరు. మన కోసమే మనం పరిగెత్తుదాం.