కోల్‌కతా వీధుల్లో కుంచె: కళ్లెదుటి నగరాన్ని అక్కడికక్కడే గీయడం ఎలా, ఎందుకు?

కాలేజ్ స్ట్రీట్ పాత పుస్తకాల దుకాణాలు, దుర్గ విగ్రహాలు తయారయ్యే కుమార్‌తులి సందులు, హావ్‌డా వంతెన పక్కనే ఉన్న మల్లిక్ ఘాట్ పూల మార్కెట్. కోల్‌కతాలో ఇలాంటి చోట్ల ఒళ్లో స్కెచ్‌బుక్ పెట్టుకుని బొమ్మలు వేసేవారు తరచూ కనిపిస్తారు. వారిలో ఆర్ట్ కాలేజీ విద్యార్థులు ఉంటారు, సెలవు రోజున వచ్చే ఉద్యోగులూ ఉంటారు.

ఫోన్ కెమెరా క్షణంలో చేసే పనికి వీరు రెండు గంటలు ఎందుకు వెచ్చిస్తున్నారు? రద్దీ వీధిలో ఇది ఎలా సాధ్యం? దీనికి ఎవరి అనుమతైనా కావాలా?

మొదలైంది ఎప్పుడు?

బ్రిటిష్ చిత్రకారుడు థామస్ డేనియల్, ఆయన అన్న కొడుకు విలియం 1786లో కలకత్తా చేరుకున్నారు. 1788 నాటికి నగర దృశ్యాలతో 12 ముద్రణ చిత్రాలు తెచ్చారు. అప్పటి భవనాలు, ఘాట్లు, వీధుల్లో పల్లకీలు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి చరిత్రకారులు ఇప్పటికీ ఈ చిత్రాలను చూస్తారు. అప్పటికి ఫొటోగ్రఫీ లేదు.

ఆరుబయట చిత్రలేఖనానికి ఊపు తెచ్చింది సామగ్రిలో వచ్చిన మార్పులే. 1780 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో రీవ్స్ సోదరులు నీటిరంగులను చిన్న బిళ్లలుగా తయారు చేశారు. తైలవర్ణాలను అంతకుముందు పంది మూత్రాశయంతో చేసిన సంచుల్లో దాచేవారు. 1841లో అమెరికన్ చిత్రకారుడు జాన్ గోఫ్ ర్యాండ్ లోహపు ట్యూబుకు పేటెంట్ పొందారు. దాంతో రంగులపెట్టెను ఎక్కడికైనా మోసుకుపోవడం తేలికైంది.

కరవు వీధిలో జైనుల్ ఆబెదిన్

వీధిలో గీసిన బొమ్మ సాక్ష్యంగా ఎలా మారుతుందో 1943 బెంగాల్ కరవు చూపించింది. తిండి కోసం పల్లెల నుంచి వచ్చినవారు కలకత్తా ఫుట్‌పాత్‌ల మీదే ప్రాణాలు విడిచారు. ఈ కరవు దాదాపు 30 లక్షల మందిని బలితీసుకుందని ఒక అంచనా.

ప్రభుత్వ ఆర్ట్ స్కూల్లో బోధిస్తున్న జైనుల్ ఆబెదిన్ ఆ వీధుల్లో తిరిగి, చవక ప్యాకింగ్ కాగితం మీద నల్లసిరాతో వారిని చిత్రించారు. ఎండిన దేహాలు, చెత్తకుప్ప దగ్గర కాకులు, కుక్కలతో పాటు తిండి వెతుక్కునే మనుషులు ఆ బొమ్మల్లో కనిపిస్తారు. తర్వాత ఆయన ఢాకాలో ఆర్ట్ కాలేజీకి పునాది వేశారు.

అదే ఏడాది చిత్తప్రసాద్ మిడ్నాపూర్ జిల్లాలో కాలినడకన తిరిగి, బొమ్మలతో ‘హంగ్రీ బెంగాల్’ అనే చిన్న పుస్తకం తెచ్చారు. బ్రిటిష్ ప్రభుత్వం దాని ప్రతులను స్వాధీనం చేసుకుని ధ్వంసం చేసింది.

నీడ ఆగదు, జనం ఆగరు

వీధిలో గీసేవారికి మొదటి సమస్య వెలుతురు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. బొమ్మ మొదలుపెట్టినప్పుడు గోడ మీద ఉన్న నీడ రెండు గంటల తర్వాత అక్కడ ఉండదు. అందుకే అనుభవం ఉన్నవారు నీడల హద్దులను ముందే గీసుకుంటారు. ఆ తర్వాత నీడ ఎంత జరిగినా బొమ్మలో మార్చరు.

రెండోది జనం. చదునైన వీధిలో నిలబడి చూస్తే, దగ్గరివారైనా దూరంవారైనా మన ఎత్తు ఉన్నవారందరి తలలూ మన కంటి మట్టంలోనే ఉంటాయి. దూరం పెరిగేకొద్దీ పాదాలు మాత్రం పైకి జరుగుతాయి. ఈ సూత్రం తెలిస్తే గుంపును గీయడం సులువు. స్టూలు మీద కూర్చుంటే కంటి మట్టం కిందికి దిగుతుంది, ఎదుట నిలబడినవారి తలలు ఆ గీతకు పైన ఉంటాయి. నడిచి వెళ్లేవారు మన కోసం ఆగరు కాబట్టి ఒకరి నడక, ఇంకొకరి భుజాలు, మరొకరి బుట్ట కలిపి ఒక మనిషిని గీస్తారు.

మూడోది వాతావరణం. మే నెల ఎండలో నీటిరంగు కాగితం మీద పరుచుకునేలోపే ఆరిపోతుంది. జులై, ఆగస్టు తేమలో ఎంతసేపటికీ ఆరదు. తడి మీదే రెండో పూత వేస్తే రంగులు కలగాపులగం అవుతాయి.

అనుమతి కావాలా?

వీధిలోని భవనాన్ని చూసి బొమ్మ వేయడానికి వాస్తుశిల్పి అనుమతి అక్కర్లేదు. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం భవనాన్ని చిత్రించడం, ఆ చిత్రాన్ని ప్రచురించడం ఉల్లంఘన కాదు. బహిరంగ ప్రదేశంలో శాశ్వతంగా ఉన్న శిల్పాలకూ ఇదే వర్తిస్తుంది. కానీ గోడమీది కుడ్యచిత్రాన్ని యథాతథంగా నకలు చేయడం వేరే విషయం.

రక్షణ స్థావరాల వంటి నిషేధిత ప్రాంతాల సంగతి వేరు. 1923 అధికార రహస్యాల చట్టం శత్రువుకు ఉపయోగపడే ప్లాన్లు, నోట్సులతో పాటు ‘స్కెచ్’ గీయడాన్నీ నేరంగా పేర్కొంది. కాబట్టి విశాఖ బీచ్ రోడ్డులో సముద్రాన్ని గీయడం ఒకటి, నౌకాదళ స్థావరాన్ని గీయడం మరొకటి.

చట్టం కంటే పెద్ద అడ్డంకి చోటు దొరక్కపోవడం. ఫుట్‌పాత్ మీద వ్యాపారులు, పార్క్ చేసిన బైకులు, నడిచేవారు అందరూ ఉంటారు. అక్కడ ఈజిల్ నిలబెడితే ఎవరో ఒకరికి దారి మూసినట్టే. చాలామంది గోడకు ఆనుకుని చిన్న స్కెచ్‌బుక్‌తో సరిపెట్టుకోవడానికి కారణం ఇదే. ఒంటరిగా కూర్చునే మహిళలకు గుమిగూడే జనం అదనపు ఇబ్బంది. గుంపుగా వెళ్లి గీసే పద్ధతి ఇక్కడ అక్కరకొస్తుంది.

ఇప్పుడెందుకు?

సియాటిల్‌లో పాత్రికేయుడు, చిత్రకారుడు గాబ్రియల్ కంపనారియో 2007లో ‘అర్బన్ స్కెచర్స్’ ప్రారంభించారు. చూస్తున్న చోటే గీయాలి, చూసినదానికి కట్టుబడాలి అన్నవి దాని ముఖ్య నియమాలు. ఈ బృందాలు భారతీయ నగరాలకూ విస్తరించాయి.

కోల్‌కతాలో 1873లో మొదలైన ట్రామ్‌ను ఒక్క వారసత్వ మార్గంలో తప్ప మిగతా చోట్ల ఆపేస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ప్రకటించింది. పసుపు అంబాసిడర్ ట్యాక్సీలూ తగ్గిపోతున్నాయి. వీటి ఫొటోలు లక్షల్లో ఉంటాయి. అయితే ఫొటోలో ఫ్రేములోకి వచ్చినవన్నీ పడతాయి. రెండు గంటలు కూర్చుని గీసినవారు ఏది ఉంచాలో, ఏది వదలాలో ఒక్కొక్కటిగా ఎంచుకుంటారు. ట్రామ్ పట్టాల పక్కన టీ కొట్టు ఎక్కడ ఉండేదో, దాని ముందు ఎవరు నిలబడేవారో రేపటివారికి ఆ బొమ్మల్లో తెలుస్తుంది.