కాకిబంగారం యుద్ధానికి పోయిన రోజులు

మంట దగ్గరికి జరగండిరా. ఆ బుడ్డోడికి దుప్పటి కప్పమ్మా, మంచు పడతా ఉంది.

మొన్న టీవీలో ఎక్కడిదో యుద్ధం చూపిస్తా, ఫలానా కంపెనీ ఇన్ని డ్రోన్లు చేసిచ్చిందని చెప్తుంటే మీ నాన్న నోరెళ్లబెట్టి చూశాడు. ఇందులో వింతేముంది అబ్బయా? మన గూడూరు వైపు షెడ్లలో కూర్చున్న ఆడోళ్లు కూడా ఒక యుద్ధానికి సరుకు చేసిచ్చినోళ్లే. మా అమ్మ అందులో ఒకతె.

హిట్లరు యుద్ధం నాటి మాట. 1942 ఏప్రిల్ 6న జపానువాడు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులేశాడు. మద్రాసులో జనం మూటాముల్లె సర్దుకుని రైళ్లెక్కి పల్లెలకొచ్చి పడ్డారు. మాకు మాత్రం ఆ భయంలోనే చేతినిండా పని.

ఆ పని ఎట్లా వచ్చిందంటే, అదే నెలలో అమెరికాలో ఇళ్లకు రేడియోలు చెయ్యడం ఆపించేశారు. కార్లు అంతకు ముందే, ఫిబ్రవరిలోనే ఆగాయి. ఫోర్డు కంపెనీ బాంబర్ విమానాలకు దిగింది, రేడియో కంపెనీలు సైన్యానికి వైర్‌లెస్ సెట్లకు దిగాయి. దేశభక్తి ఉండదనను గానీ, ఖర్చంతా సర్కారు భరించి పైన లాభం కట్టిచ్చే కాంట్రాక్టులు చేతిలో పెడితే ఏ షావుకారు కాదంటాడు?

అప్పటి రేడియోల్లో గాజు వాల్వులుండేవి. లోపలి భాగాలు ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టేది చిల్లులు పొడిచిన మైకా బిళ్ల. మైకా అంటే మన కాకిబంగారమే. కండెన్సర్లోనూ మైకానే, విమానం ఇంజిను ప్లగ్గులోనూ మైకానే. వేడికి తట్టుకుంటుంది, కరెంటును పోనివ్వదు. మంచి పలకల మైకా ప్రపంచానికంతా ఎక్కువగా పోయేది మన దేశం నుంచే. బీహారుది ఎర్ర మైకా, మన నెల్లూరు జిల్లాది పచ్చ మైకా. సైదాపురం, కలిచేడు చుట్టుపక్కల మీరు ఇప్పుడు చూసే గుంతలన్నీ దానికోసం తవ్వినవే. ఇంగ్లండు, అమెరికా కలిసి 1942లో జాయింట్ మైకా మిషన్ అని ఒకటి పెట్టి ఇక్కడి సరుకు కొన్నాయి.

ఇప్పుడు అసలు సంగతి వినండి. అన్ని మిషన్లున్న అమెరికావాడి దగ్గర మైకాను మన చేతుల్లా చీల్చే మిషను లేదు! ఆ పని కత్తిది, వేళ్లది. మా అమ్మ పలకను నిలువుగా పట్టుకుని అంచున కత్తిమొన ఆనించి ఊరికే అట్లా కదిలించేది. పలక నోరు తెరిచేది. బొటనవేలు లోపలికి పోనిచ్చి లాగితే ఉల్లిపొరలా రేకు ఊడొచ్చేది. అంగుళంలో వెయ్యో వంతు మందం అంటే నమ్ముతారా? రేకును వెలుతురుకు పట్టి చూసి, నల్లమచ్చ ఉంటే ఒక కుప్ప, లేకుంటే ఇంకో కుప్ప. సైజును బట్టి నంబర్లు, చిన్నవాటికి పెద్ద నంబరు. అంచులు కత్తిరించేది కత్తెరతో. బీహారులో కొడవలితో కోసేవాళ్లట. సాయంత్రం అమ్మ ఇంటికొస్తే జుట్టూ చీరా తళతళా మెరిసేవి. అన్నంలోనూ మైకా పొడే. మేము ఆ మెరుపు చూసి మురిసిపోయేవాళ్లం, పిల్లకాయలం గదా.

ఆ మచ్చల రేకులకు మొదట విలువ లేదు, కంటికి బాగుంటేనే మంచి సరుకు. యుద్ధంలో సరుకు చాలక అమెరికాలో బెల్ లేబరేటరీస్ వాళ్లు కరెంటు పెట్టి పరీక్షిస్తే, మచ్చలున్నవాటిలో చాలా రేకులు నిక్షేపంగా పనికొస్తాయని తేలింది. కన్ను వద్దన్నదాన్ని మీటరు సరేనంది. అవసరం ముంచుకొస్తే తప్ప ఏ కంపెనీ ఆ పరీక్ష పెట్టుకోదు, అది నా అభిప్రాయం. సముద్రంలో జపాను ఓడల భయం కాబట్టి మైకాను విమానాల్లో కూడా పంపారు. బరువు తక్కువ, విలువ ఎక్కువ.

విలువంటే గుర్తొచ్చింది. గని యజమానులు ఆ నాలుగేళ్లలో మేడలు లేపారు. షెడ్డులో కూలి పెరగలేదని కాదు, పెరిగింది. బియ్యం ధర అంతకంటే పెరిగింది. నా ఈడు పిల్లకాయలు కూడా చెక్కు తీసే పనిలో ఉండేవాళ్లు, బళ్లో కాదు. తాము చీల్చిన రేకు ఏ విమానంలోకి పోతా ఉందో అక్కడున్న ఒక్క ఆడమనిషికీ ఎవరూ చెప్పలేదు. నేనూ అయ్యవారి ఉద్యోగంలో చేరాక పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవాడినే.

1945లో యుద్ధం అయిపోయింది, కొనేవాళ్లు తగ్గిపోయారు. 1946లో మైకా గనుల కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. ఎగుమతయ్యే మైకా మీద సుంకం వేసి ఆ డబ్బుతో కూలీలకు వైద్యం, చదువు చూడాలని దాని ఉద్దేశం. మంచి చట్టమే. అయితే ముందే రావాల్సింది. అప్పటికి మా అమ్మ పనిచేసిన షెడ్డు మూసేశారు.