నటి సావిత్రి – విన్నమాట, కన్నమాట



కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామమున గ్రంథాలయ వార్షికోత్సవమునకు నన్ను పిలిచి, కీర్తిశేషురాలగు నటి సావిత్రిని గూర్చి మాటలాడుమనిరి. 1960లో వెలువడిన ‘చివరకు మిగిలేది’ చిత్రమునందలి నటనకుగాను ఆమెకు ఉత్తమనటిగా రాష్ట్రపతి బహుమానము లభించినదని నేను నిస్సంశయముగా చెప్పితిని. సభవారు చప్పట్లు చరచిరి. సభ ముగిసిన పిమ్మట, పూర్వము కరణీకము చేసిన వృద్ధులొకరు నా చెంతకు వచ్చి, “అయ్యా! ఆ బహుమానపు మాట తాము చూచి చెప్పితిరా, విని చెప్పితిరా?” అని యడిగిరి. నాకు బదులు తోచలేదు. “వినికిడి మీద పట్టా వ్రాయరాదు గదా!” అని నవ్వి ఆయన వెడలిపోయిరి. నేటి నా ప్రసంగము ఆ పెద్దమనిషికి నేను తీర్చవలసిన బాకీ.

సావిత్రి 1981 డిసెంబరు 26వ తేదీన మద్రాసులో కన్నుమూసెను. బ్రతికియున్నవారిపై తప్పుమాట పుట్టినచో వారే వచ్చి ఖండింపగలరు. పోయినవారికి ఆ యవకాశము లేదు. కావున వారి తరఫున లెక్క సరిచూచుట మన విధి.

మొదట పుట్టుక సంగతి చూతము. ఆమె నాటి గుంటూరు జిల్లాలోని చిర్రావూరున జన్మించెను. పసితనముననే తండ్రి పోగా, పెదతండ్రి ప్రాపున పెరిగెను. ఇంతవరకు వివాదము లేదు. జన్మసంవత్సరము మాత్రము ఒకరు 1934 అనియు, ఒకరు 1935 అనియు, వేరొకరు 1936 అనియు వ్రాసిరి. నాటి పల్లెలలో బిడ్డ పుట్టిన దినము కాగితమునకెక్కుట అరుదని మీకు చెప్పనక్కరలేదు. ఇట్టిచోట ఒక సంవత్సరమును పట్టుకొని వాదించుటకంటె, ‘దేవదాసు’ చిత్రము వెలువడిన 1953నాటికి ఆమె ఇంకను ఇరువది యేండ్లు నిండని పిల్ల యనుట న్యాయము. ఆ మాట ఏ లెక్కప్రకారము చూచినను నిలుచును.

ఇక నేను చెప్పిన బహుమానము. కేంద్రప్రభుత్వమువారు చలనచిత్రములకు బహుమానము లిచ్చుట 1954లో ఆరంభించిరి. ఆదిలో ఆ గౌరవము చిత్రములకేగాని నటీనటులకు లేదు. ఉత్తమనటుడు, ఉత్తమనటి యను జాతీయ బహుమానములు 1967వ సంవత్సరపు చిత్రములతో మొదలైనవి. ఆ యేడు ఉత్తమనటిగా ఎన్నికైనది హిందీ నటి నర్గిస్. అట్లగుటచే 1960లో సావిత్రికి జాతీయ ఉత్తమనటి బహుమానము వచ్చుటకు వీలే లేదు. నేను నిండుసభలో పలికినది పొరపాటు. ‘చివరకు మిగిలేది’లో ఆసుపత్రి నర్సుగా ఆమె చూపిన నటన మాత్రము పొరపాటు కాదు. బహుమానము లేనంతమాత్రమున అది వన్నె తరగదు. లేని పతకము తగిలించి మనము ఆమెను పెద్ద చేయనక్కరలేదు.

తెలుగున చిత్రమునకు దర్శకత్వము వహించిన తొలి మహిళ సావిత్రియే యని మరికొందరందురు. ఇదియు సరికాదు. 1953లోనే భానుమతి ‘చండీరాణి’కి దర్శకత్వము వహించెను. సావిత్రి దర్శకత్వము వహించిన ‘చిన్నారి పాపలు’ 1968లో వచ్చినది. అయినను అందొక విశేషము గలదు. ఆ చిత్రనిర్మాణమునందు పెక్కు శాఖలను ఆమె స్త్రీలకు అప్పగించెను. సంగీతము సమకూర్చినది గాయని పి. లీల. భానుమతి సొత్తు భానుమతికిని, సావిత్రి సొత్తు సావిత్రికిని చెందవలెను. గట్టు జరిపి ఒకరి పొలము ఒకరికి కలిపినచో ఇరువురికిని అన్యాయమే.

ఇప్పుడు కష్టమైన మాటకు వచ్చెదను. “తాగి చెడినది” అని ఒక్క ముక్కలో ఆమె జీవితమును తేల్చివేయువారు గలరు. మద్యపానము ఆమె యారోగ్యమును పాడుచేసినదనుట అబద్ధము కాదు. దానిని నేను దాచను. కాని తక్కిన పద్దులనుగూడ చూడవలెను గదా. ‘చిన్నారి పాపలు’ సొమ్ము తేలేదు. ‘మూగమనసులు’ కథను అరవమున ‘ప్రాప్తం’ అను పేర 1971లో తానే నిర్మించి, తానే దర్శకత్వము వహించెను. అదియు నష్టమునే మిగిల్చెను. ఆదాయపు పన్నువారి చిక్కులు తోడయ్యెను. అంతకుముందే వివాహితుడైన జెమినీ గణేశన్‌ను చేసికొన్న పెండ్లి ఎడబాటుగా ముగిసెను. ఇన్ని పద్దులుండగా ఒక్కదానినే చదివి తీర్పు చెప్పుట ధర్మమా?

చిత్తూరు నాగయ్యగారిని తలచుకొనుడు. ఆయనయు స్వంత చిత్రములు తీసి, అడిగినవారికి లేదనక యిచ్చి, సంపాదన పోగొట్టుకొని 1973లో లేమిలోనే మరణించిరి. ఆయనను మనము దాత యందుము, సాధువందుము, అది ఉచితమే. సావిత్రియు చేతికి ఎముక లేనట్లు ఇచ్చినదని తోడి నటీనటులు చెప్పిరి. ఆమెను మాత్రము తెలివిమాలినదందుము. పురుషునకు ఒక కొలతయు, స్త్రీకి ఒక కొలతయు పెట్టుట మన తక్కెడలోని దోషము.

చివరిదినములలో ఆమెకు వేషములే లేవనుటయు నిజము కాదు. 1979లో వచ్చిన ‘గోరింటాకు’లో ఆమె నటించెను. 1980 మే నెలలో బెంగుళూరునందు స్పృహ కోల్పోయి, రమారమి 19 నెలలు ఆ స్థితిలోనే యుండి తనువు చాలించెను.

2018లో ఆమె కథను ‘మహానటి’ యను పేర చిత్రముగా తీసిరి. అందు సావిత్రి వేషము ధరించిన కీర్తి సురేశ్‌కు జాతీయ ఉత్తమనటి బహుమానము వచ్చెను. సావిత్రికి రాని బహుమానము ఆమె పాత్రకు వచ్చినదన్నమాట! ఆ చిత్రమువలన నేటి పిల్లలకు ఆమె పేరు తెలిసినది, సంతోషము. కాని అందు కథ నడుపు పత్రికావిలేఖరి కల్పితపాత్ర. చిత్రము చిత్రమే, అది చరిత్రకు సాక్ష్యము కాదు.

మరి కన్నమాట యేది? 1957 నాటి ‘మాయాబజారు’ నేటికిని మన కన్నులయెదుట నున్నది. శశిరేఖ రూపముననున్న ఘటోత్కచుడుగా ఆమె నడక చూడుడు. పెండ్లిపీటలమీద లక్ష్మణకుమారుని కాలు తొక్కునప్పటి ఆ చూపు చూడుడు. మరుక్షణమే ముగ్ధవలె తల వంచుట చూడుడు. దీనికి మధ్యవర్తి అక్కరలేదు. మీ కన్నులే సాక్ష్యము.

పెద్దలారా! రచ్చబండకడ మీ మాటకు విలువ గలదు. పోయినవారిని గూర్చి, అందును స్త్రీని గూర్చి, ఎవరైన ఒక మాట తెచ్చినప్పుడు, అది మంచియైనను చెడ్డయైనను, ఆ కరణముగారు నన్నడిగినట్లే అడుగుడు: “చూచితివా, వింటివా?” ఆ ప్రశ్న ఆనాడు నన్ను సిగ్గుపరచినది, మేలును చేసినది.

సెలవు.