కార్బన్ లెక్కల్లో మన నేల

కొత్తగూడెం, భద్రాచలం అడవులకు కొలతలు కొత్త కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక గోదావరి అవతల భద్రాచలం తాలూకాలో రిజర్వు హద్దులు పడ్డాయి. నది ఇవతల పాల్వంచ, ఇల్లందు అడవుల్లో నిజాం అటవీ శాఖ తన హద్దులు వేసుకుంది. 1889లో ఇల్లందు దగ్గర బొగ్గు తవ్వకం మొదలైంది, బొగ్గును టన్నుల్లో కొలిచారు. కలపను ఘనపుటడుగుల్లో, తునికాకును కట్టల్లో కొలిచారు. ప్రతిసారీ కొలబద్ద బయటివాళ్ల చేతిలోనే ఉంది. కొలిచిన సరుకు కూడా బయటికే పోయింది.

గత ఇరవై ఏళ్లుగా ఇంకో కొలత మన నేల మీదికి వచ్చింది. అది కంటికి కనబడని బొగ్గుపులుసు వాయువు కొలత. దీని చరిత్ర మన యువతకు, మన బడుల్లోని ఉపాధ్యాయులకు తెలిసి ఉండాలి, ఎందుకంటే రేపు గ్రామసభ ముందుకు వచ్చే కాగితాల్లో ఈ లెక్కే ఉంటుంది.

బొగ్గు, డీజిలు మండితే ఆ వాయువు గాలిలో చేరి భూమి వేడెక్కుతుంది. చెట్టు పెరిగేటప్పుడు అదే వాయువును పీల్చి కట్టెగా మార్చుకుంటుంది. 1997లో జపాన్‌లోని క్యోటో నగరంలో కుదిరిన ఒప్పందం ధనిక దేశాలకు వాయువుల మీద పరిమితి పెట్టింది. ఆ పరిమితి అందుకోవడానికి ఒక వెసులుబాటు కూడా ఇచ్చింది. పేద దేశంలో ఎవరైనా వాయువు తగ్గిస్తే, ఆ తగ్గింపును కొనుక్కొని తమ ఖాతాలో వేసుకోవచ్చు. దానికి క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం అని పేరు. ఒక టన్ను తగ్గింపు ఒక క్రెడిట్.

మన ఆదివాసీ గూడేల్లో ఈ బేరం ముందుగా జరిగిన చోట్లలో ఒకటి పాత ఆదిలాబాద్ జిల్లా జైనూరు మండలంలోని గోండు గూడెం పవర్‌గూడ. అక్కడి మహిళా సంఘాలు కానుగ గింజల నుంచి నూనె తీసే పని చేపట్టాయి. డీజిలుకు బదులు కానుగ నూనె వాడితే ఎంత వాయువు తగ్గుతుందో లెక్క వేశారు. పదేళ్లలో 51 టన్నుల నూనె, దానివల్ల 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గింపు అని తేలింది. 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు ఆ 147 టన్నులను 645 డాలర్లకు కొన్నది. వాషింగ్టన్‌లో జరిగిన తన సదస్సుకు జనం విమానాల్లో వచ్చినందువల్ల వెలువడిన వాయువుకు బదులుగా ఈ తగ్గింపును చూపించుకుంది. ఆ డబ్బు అప్పటి మన రూపాయల్లో ముప్పై వేలకు లోపే. మొత్తం చిన్నదే. అయినా ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. అక్కడ అమ్మకందారుగా ఉన్నది గూడెం ఆడవాళ్ల సంఘాలే.

తర్వాతి పెద్ద లెక్క మన ఖమ్మం జిల్లాలో జరిగింది. భద్రాచలానికి ఎదురుగా గోదావరి ఇవతల సారపాకలో 1979 నుంచి కాగితపు మిల్లు నడుస్తోంది, అది ఇప్పుడు ఐటీసీ సంస్థది. మిల్లుకు కర్ర కావాలి. అందుకని జామాయిల్, సుబాబుల్ మొక్కలను రైతుల పొలాల్లో వేయించడం సాగింది. పేద ఆదివాసీ రైతుల, చిన్న రైతుల బీడు భూముల్లో సామాజిక వనాల పేరుతో వేసిన తోటలను కార్బన్ లెక్కలోకి కూడా తెచ్చారు. 2009 జూన్‌లో ఆ ప్రాజెక్టు ఐక్యరాజ్యసమితి దగ్గర నమోదైంది. చెట్ల పెంపకానికి సంబంధించి మన దేశంలో నమోదైన తొలి కొద్ది ప్రాజెక్టుల్లో ఇది ఒకటి. విస్తీర్ణం 3,070 హెక్టార్లు, అంటే ఏడున్నర వేల ఎకరాలు. ఏడాదికి 57,792 టన్నుల వాయువును చెట్లు పీలుస్తాయని అంచనా. ఎకరానికి ఏడున్నర టన్నులకు పైనే.

ఈ అంకె ఎలా వచ్చిందో చూద్దాం. తోటలో అక్కడక్కడా నమూనా మడులు గుర్తిస్తారు. ఆ మడుల్లోని చెట్లకు నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున టేపు చుట్టి కొలుస్తారు. ఎత్తు కూడా చూసి, కాండం, కొమ్మలు, వేర్ల ఎండు బరువు లెక్క కడతారు. ఎండు బరువులో దాదాపు సగం కార్బన్. దాన్ని 44తో గుణించి 12తో భాగిస్తే వాయువు బరువు వస్తుంది. ఉపాధ్యాయులు దీన్ని తరగతిలో చేయించవచ్చు. ఎండు బరువు 100 కిలోలుండే చెట్టులో కార్బన్ సుమారు 50 కిలోలు, అది పీల్చిన వాయువు సుమారు 183 కిలోలు. అలాంటి చెట్లు అయిదారు ఉంటే ఒక క్రెడిట్. పదో తరగతి పిల్లలు చేయగలిగిన లెక్కే ఇది.

అసలు చిక్కు చెట్టును కొలవడంలో లేదు, తీసివేతలో ఉంది. చెట్లు పీల్చిన మొత్తం నుంచి, ప్రాజెక్టు రాకపోయినా ఆ నేల మీద జరిగి ఉండేదాన్ని తీసివేయాలి. దీన్నే బేస్‌లైన్ అంటారు. జరగనిదాన్ని ఎవరూ టేపుతో కొలవలేరు, అది అంచనా మాత్రమే. నేల ఎంత పనికిరానిదని రాస్తే బేస్‌లైన్ అంత తగ్గుతుంది, క్రెడిట్లు అంత పెరుగుతాయి. ఖమ్మం ప్రాజెక్టు పేరులోనే ‘తీవ్రంగా క్షీణించిన నేల’ అనే మాట ఉంది. బీడు అని రాసిన నేలలో మన పశువులు మేసి ఉండవచ్చు. మన వాళ్లు గడ్డలు తవ్వుకొని, కట్టెలు ఏరుకొని ఉండవచ్చు. అందుకే నేలను వర్ణించే ఆ ఒక్క వాక్యం ఎవరు రాస్తున్నారన్నది పెద్ద ప్రశ్న.

క్యోటో నిబంధనల్లో మనకు తగిలిన సంగతి ఇంకొకటి ఉంది. 1989 డిసెంబరు 31 నాటికి అడవి లేని నేలలో మళ్లీ చెట్లు వేస్తేనే క్రెడిట్. ఉన్న అడవిని నరకకుండా కాపాడినందుకు ఏమీ లేదు. తరతరాలుగా ఇప్పచెట్టును గొడ్డలి ముట్టనివ్వని గూడేనికి ఆ లెక్కలో సున్నా. నాలుగైదేళ్లకొకసారి నరికే జామాయిల్ తోటకు మాత్రం చోటు దొరికింది. నరికితే కార్బన్ నిలవదు కదా అనే ప్రశ్న అప్పుడే వచ్చింది. అందుకే 2003లో మిలాన్‌లో జరిగిన సమావేశం చెట్ల క్రెడిట్లకు గడువు పెట్టింది. గడువు తీరాక వాటిని కొన్నవాళ్లు వేరే క్రెడిట్లు చూపాలి. ఐరోపా కార్బన్ మార్కెట్ ఈ చెట్ల క్రెడిట్లను తీసుకోనే లేదు.

ఆ తర్వాత గాలి మారింది. 2007 బాలి సమావేశం నుంచి, ఉన్న అడవిని కాపాడినా లెక్కలోకి తీసుకోవాలనే చర్చ బలపడింది. అక్కడా బేస్‌లైన్ చిక్కే ఎదురైంది. ఆరు దేశాల్లోని 26 అటవీ ప్రాజెక్టులను పరిశీలించిన అధ్యయనం 2023లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. చాలా ప్రాజెక్టులు అడవి నరుకుడును చెప్పుకున్నంతగా తగ్గించలేదని అది తేల్చింది. ‘మేము లేకపోతే ఈ అడవి మాయమయ్యేది’ అని ఎక్కువచేసి రాయడం అందులో ముఖ్య కారణం. అలా రాసినప్పుడు అడవిలో బతికే మనిషి కాగితం మీద అడవిని మింగేవాడవుతాడు. పోడు కొట్టే ఆదివాసీ మీద ఆ నింద మనకు పాతదే.

అదే 2023లో మన దేశం కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకాన్ని, గ్రీన్ క్రెడిట్ నిబంధనలను ప్రకటించింది. ఆ ఏడాది జూన్ 30న తెలంగాణలో పోడు పట్టాల పంపిణీ మొదలైంది, నాలుగు లక్షలకు పైగా ఎకరాలకు పట్టాలు తయారయ్యాయి. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా వారసులకు చెందుతుంది, అమ్మడానికి, బదలాయించడానికి వీల్లేదు. చట్టంలో కార్బన్ అనే మాట లేదు. కానీ సామూహిక అటవీ వనరును కాపాడే, నిర్వహించే హక్కు మనదని సెక్షన్ 3 చెబుతోంది. దాన్ని అమలు చేసే అధికారం సెక్షన్ 5 గ్రామసభకు ఇచ్చింది. పెసా చట్టం 1996 నుంచే ఉంది.

కాబట్టి రేపు కార్బన్ ఒప్పందం పట్టుకొని ఎవరు వచ్చినా, సంతకానికి ముందు గ్రామసభ అయిదు ప్రశ్నలు అడగాలి. మా నేల గురించి బేస్‌లైన్‌లో ఏమని రాశారు? కొలిచేటప్పుడు మా పిల్లలు పక్కన ఉంటారా, ఆ అంకెల నకలు మాకిస్తారా? క్రెడిట్ ఎవరి పేరున నమోదవుతుంది? ఒప్పందం ఎన్నేళ్లు, అన్నేళ్లూ మేత, గడ్డలు, ఇప్పపువ్వు మాకే ఉంటాయా? చెట్టు కాలిపోతే, ఎండిపోతే నష్టం ఎవరిది? జవాబులు తెలుగులో, కాగితం మీద ఉండాలి. చదువుకున్న యువత వాటిని సభలో పైకి చదివి, కోయ భాషలో పెద్దలకు వివరించాలి. పెద్దలకు అర్థమయ్యాకే వేలిముద్ర గురించి మాట్లాడాలి.