పంటు వస్తుందన్న నమ్మకం: చదువుకీ రేపటికీ మధ్య కథ

ఈ ఎపిసోడ్ ముక్తేశ్వరం రేవులో కూర్చుని మొదలుపెడుతున్నాను. వెనకాల మీకు వినిపిస్తున్నది పంటు ఇంజను చప్పుడు. ఎదురుగా గౌతమి గోదావరి, అవతలి ఒడ్డున కోటిపల్లి. పంటు అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, మనుషుల్నీ బైకుల్నీ ఎక్కించుకుని ఏరు దాటించే పెద్ద పడవ.

మా ఊరి శివుణ్ని క్షణ ముక్తేశ్వరుడు అంటారు. క్షణంలో ముక్తి ఇచ్చేస్తాడని పెద్దవాళ్లు చెప్పే మాట. గుళ్లో పని క్షణంలో అయిపోవచ్చు గానీ, రేవులో మాత్రం పంటు వచ్చేదాకా ఆగాల్సిందే. ఆగడం అంటే ఏంటో నేను నేర్చుకున్నది ఇక్కడే. ఇవాళ్టి టాపిక్ కూడా అదే. రేపటి కోసం ఇవాళ ఆగడం. చదువంటే అదే కదా. ఇప్పుడు కష్టపడితే ఎప్పుడో పదేళ్లకి ఫలితం వస్తుంది. మరి కొందరు అలా ఆగగలుగుతారు, కొందరు ఎందుకు ఆగలేరు? సైకాలజీలో దీన్ని టైమ్ పర్‌స్పెక్టివ్ అంటారు, అంటే మనిషి తన నిన్ననీ ఇవాళనీ రేపునీ చూసుకునే తీరు. దీని చరిత్ర చెప్పేముందు నా సంగతి ఒకటి చెప్పాలి.

నేను ఇంటర్ చదివేటప్పుడు నేనూ, నా ఫ్రెండూ రోజూ ఈ పంటు మీదే అవతలికి వెళ్లేవాళ్లం. లెక్కల్లో వాడు నాకంటే బెటర్. సెకండియర్ మధ్యలో వాడు కాలేజీ మానేశాడు. ఒక లెక్చరర్ క్లాసులోనే అన్నారు, "వాడికి ముందుచూపు లేదు" అని. నేనూ అదే నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, ఇదే రేవులో వాడి మొహం మీదే అన్నాను, "నీకు ఫ్యూచర్ అంటే సీరియస్‌నెస్ లేదురా" అని. వాడు ఏమీ అనలేదు. "పంటు వచ్చింది, నువ్వెళ్లు" అన్నాడు. ఆ మాట ఎంత తప్పో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఎలా అర్థమైందో చెప్పడానికే ఈ ఎపిసోడ్.

ముందు ఆస్ట్రియా వెళ్దాం. వియన్నా దగ్గర మరియంథాల్ అని ఒక ఊరు. ఊరంతా ఒక్క బట్టల మిల్లు మీదే బతికేది. 1930 ప్రాంతంలో ఆ మిల్లు మూతపడింది. మరీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే ముగ్గురు పరిశోధకులు తమ టీముతో అక్కడికి వెళ్లి, పనిలేని మనుషులు రోజంతా ఏం చేస్తున్నారో రాసుకున్నారు. 1933లో పుస్తకం వేశారు. అందులో ఒక విషయం నన్ను కదిలించింది. ఊళ్లో లైబ్రరీ ఉంది. మిల్లు నడిచేటప్పుడు పుస్తకం తీసుకోవడానికి డబ్బు కట్టాలి. మూతపడ్డాక ఫ్రీ చేసేశారు. అందరికీ కావలసినంత ఖాళీ. అయినా పుస్తకాలు తీసుకెళ్లడం దాదాపు సగానికి పడిపోయింది. మగవాళ్లు వీధిలో నడిచే వేగం కూడా తగ్గిపోయింది. పొద్దున్నుంచి ఏం చేశారని అడిగితే గుర్తుతెచ్చుకోలేకపోయారు. టైమ్ బోలెడంత ఉంది, ఆ టైమ్‌తో చేరాల్సిన రేపు లేదు. రేపు కనపడని మనిషికి పుస్తకం తెరవబుద్ధి కాదు.

1939లో లారెన్స్ ఫ్రాంక్ అనే అమెరికన్ ఈ సంగతి మీద వ్యాసం రాసి "టైమ్ పర్‌స్పెక్టివ్స్" అని పేరు పెట్టాడు. హిట్లర్ వచ్చాక జర్మనీ వదిలి అమెరికా వెళ్లిపోయిన కుర్ట్ లెవిన్ అనే సైకాలజిస్టు 1942లో దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. నిరుద్యోగం మనిషి భవిష్యత్తు మీద ఆశని ఎలా తగ్గిస్తుందన్న దగ్గరే ఆయన మొదలుపెట్టాడు. గమనించారా? ఈ సబ్జెక్టు పుట్టినప్పుడు అడిగిన ప్రశ్న "ఈ మనిషిలో లోపం ఏంటి" అని కాదు, "ఈ మనిషికి ఏం జరిగింది" అని.

తర్వాత ప్రశ్న మారిపోయింది. 1960ల చివర్లో స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ చేసిన మార్ష్‌మాలో టెస్ట్ గురించి రీల్స్‌లో చూసే ఉంటారు. చిన్న పిల్లల ముందు ఒక స్వీటు పెట్టి, నేను తిరిగొచ్చేదాకా తినకుండా ఆగితే రెండు ఇస్తానని చెప్పి బయటికి వెళ్లిపోతారు. 1990లో ఆ పిల్లల్లో కొందరి పెద్దయ్యాక మార్కులు చూస్తే, ఎక్కువసేపు ఆగినవాళ్లకి ఎక్కువ స్కోర్లు కనిపించాయి. అంతే, ప్రపంచమంతా ఒకటే పాట. ఓపిక ఉన్నోడు గెలుస్తాడు, లేనోడు ఓడిపోతాడు. పైగా ఆ పిల్లల్లో చాలామంది స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ మనుషుల పిల్లలే. ఇచ్చిన మాట నిలబడే ఇళ్ల పిల్లలు. ఆ ముక్క ఎవరూ పట్టించుకోలేదు.

1999లో ఫిలిప్ జింబార్డో, జాన్ బాయ్డ్ కలిసి 56 ప్రశ్నల కొలత ఒకటి తయారుచేశారు. మనుషులు కాలాన్ని చూసే తీరుని అయిదు రకాలు చేశారు. జరిగిపోయినదాన్ని తలుచుకుని బాధపడటం, జరిగిపోయినదాన్ని తీపిగా తలుచుకోవడం, ఈ పూట ఎంజాయ్ చేసేయడం, అంతా తలరాత అనుకోవడం, రేపటి కోసం ప్లాన్ చేసుకోవడం. అయిదోది ఎక్కువ ఉన్న స్టూడెంట్లకి మార్కులు బాగా వస్తాయని వాళ్ల పరిశోధనలోనూ, తర్వాత చాలా చోట్లా తేలింది. అది నిజమే. కాదనడం లేదు. కానీ ఆ అయిదోది మనిషికి ఎక్కడి నుంచి వస్తుంది?

దానికి జవాబు 2013లో కొంత దొరికింది. అమెరికాలో రోచెస్టర్ యూనివర్సిటీలో సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు 28 మంది పిల్లలతో అదే టెస్టు చేశారు, చిన్న మార్పుతో. ముందుగా కొందరు పిల్లలకి మంచి బొమ్మల రంగులు తెస్తామని చెప్పి నిజంగానే తెచ్చారు. మిగతావాళ్లకి తెస్తామని చెప్పి, సారీ లేవు అన్నారు. ఆ తర్వాత స్వీటు పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషి దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి దగ్గర 3 నిమిషాలు. పిల్లలు ఒకలాంటివాళ్లే. తేడా వచ్చింది ఎదుటి మనిషి మాటలో. 2018లో టైలర్ వాట్స్, ఇంకో ఇద్దరు 900 మందికి పైగా పిల్లల వివరాలతో పాత టెస్టుని మళ్లీ చూశారు. పాత సంబంధం సగమే కనిపించింది. ఇంటి పరిస్థితులు కూడా లెక్కలోకి తీసుకుంటే అందులోనూ మూడింట రెండు వంతులు పోయింది.

సరే, ఇదంతా అమెరికా గొడవ, మనకేంటి అంటారా? మన దగ్గర ఇదే సంగతి ఎప్పుడో ఒక కలెక్టరు రాశాడు. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో ప్రతి జిల్లాలో బడులెన్నో లెక్క తీయమన్నాడు. 1823లో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ జవాబు పంపాడు. తెలుగు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ ఇతనే. తన జిల్లాలో 533 బడులున్నాయని, వాటిలో 226 తెలుగు బడులని రాశాడు. వీధి బడి ఎలా నడిచేదో కూడా రాశాడు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్నా చుడతారు, మెచ్చుకోలూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోతాయి. గోడ గడియారం లేని బళ్లో టైమ్ నేర్పిన పద్ధతి అది.

అదే రిపోర్టులో ఆయన ఇంకో సంగతి రాశాడు. బడులు తగ్గిపోతున్నాయి, దానికి కారణం జనం బీదవాళ్లు అయిపోవడం. సీమ బట్ట దిగుమతి వచ్చి ఇక్కడి నేతపనివాళ్ల ఆదాయం పడిపోయింది. మధ్య, కింది తరగతుల వాళ్లు చదువు ఖర్చు భరించలేకపోతున్నారు, పిల్లలు కాస్త పని చేయగలిగే వయసు రాగానే వాళ్ల కష్టం కూడా ఇంటికి కావాల్సి వస్తోంది. ఇది రాసింది ఉద్యమకారుడు కాదు, కంపెనీ కలెక్టరే. ఆ తల్లిదండ్రులకి ముందుచూపు లేదని ఆయన అనలేదు. కూడు లేదన్నాడు.

ఇప్పుడు మన కోనసీమకి వద్దాం. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. నీళ్లు ఎప్పుడొస్తాయో తెలిసిన రైతు వచ్చే ఏడాది గురించి ఆలోచించగలడు. కొబ్బరి మొక్క వేసేవాడు ఆరేడేళ్ల తర్వాత కాపు వస్తుందని నమ్మి వేస్తాడు. అంతకంటే ముందుచూపు ఏముంటుంది చెప్పండి? అయితే చెట్టు ఒకడిది, ఎక్కేవాడు ఇంకొకడు. దింపు కార్మికుడికీ, వలుపు కార్మికుడికీ కూలి ఏ రోజుది ఆ రోజే.

1996 నవంబర్ 6 రాత్రి ఏం జరిగిందో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. ఆ తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. కోనసీమలో కొబ్బరి తోటలు తోటలే పడుకుండిపోయాయి. నా ఫ్రెండు వాళ్ల నాన్నగారు దింపు కార్మికుడు. చెట్లు లేకపోతే ఆయనకి పని ఎక్కడిది? కొత్త మొక్క వేస్తే కాపుకి ఆరేడేళ్లు. వాడు కాలేజీ మానేసింది ఆ తర్వాతి నెలల్లోనే. మా నాన్నగారిది గవర్నమెంటు ఉద్యోగం. తుపాను వచ్చినా, రాకపోయినా జీతం వచ్చేది. నాకున్న ముందుచూపు నా గొప్పతనం అనుకున్నాను. నిజానికి అది నాన్నగారి జీతం మీద నిలబడ్డ నమ్మకం. ఆ స్వీటు టెస్టులో నేను 12 నిమిషాల పిల్లాణ్ని, వాడు 3 నిమిషాల పిల్లాడు. గది ఒకటే, కాలేజీ ఒకటే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. పరిస్థితులే అంతా అయితే ఎవరూ ఏమీ చేయక్కర్లేదని అనుకోవద్దు. ఇక్కడి నుంచి నది వెంట కిందికి వెళ్తే ఎదుర్లంక. జి.ఎం.సి. బాలయోగి గారు 1951లో అక్కడే పుట్టారు. ఊళ్లో చదువుకునే వసతి లేక గుత్తెనదీవి వెళ్లి చదువుకున్నారు. తర్వాత కాకినాడ, ఆంధ్ర యూనివర్సిటీలో లా, లాయరు, జెడ్పీ ఛైర్మన్, రాష్ట్రంలో ఉన్నత విద్యా మంత్రి. 1998లో లోక్‌సభ స్పీకర్ అయిన మొదటి దళితుడు. ఆయన కథని "చూశారా, పట్టుదల ఉంటే చాలు" అని చెప్పేస్తారు. నేను అక్కడితో ఆగను. ఆయన ఎదుర్లంక, యానాం మధ్య వంతెన కోసం పట్టుబట్టారు. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు, వంతెన ఆ ఏడాదే పూర్తయింది, ఆయన పేరే పెట్టారు. తను కష్టపడి దాటిన మనిషి, వెనకాల వచ్చేవాళ్లు కూడా అంతే కష్టపడి దాటాలని అనుకోలేదు.

మా రేవుకి ఆ సంగతి ఇంకా బాగా తెలుసు. కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం కోసం 1940లో పట్టాలు పీకేశారు. మళ్లీ వేసి రైలు నడిపింది 2004లో. కోటిపల్లి నుంచి ఏరు దాటి నరసాపురం వెళ్లే లైను 2000-01లో మంజూరైంది. ఏట్లో వంతెన స్తంభాలు లేచాయి. ఆ స్తంభాలు చూస్తూ పెరిగి పెద్దయిన పిల్లలున్నారు ఇక్కడ. రేపటి మీద నమ్మకం పాఠాల్లోనే నేర్పరు, ఇలాంటివి కూడా నేర్పుతాయి.

మాట నిలబడితే ఏమవుతుందో కూడా మన రాష్ట్రంలోనే చూశారు. 2002 నుంచి యంగ్ లైవ్స్ అనే అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. సరిగ్గా అప్పుడే కరువు. 2003 జనవరిలో మన బళ్లలో వండిన మధ్యాహ్న భోజనం మొదలైంది. ఆ పిల్లల వివరాలతో అభిజిత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ 2014లో వేసిన పేపర్లో తేలిందేంటంటే, కరువు వల్ల చిన్నపిల్లల ఎదుగుదలలో పడిన లోటుని బడిలో పెట్టిన భోజనం పూడ్చగలిగింది. రోజూ మధ్యాహ్నం టైముకి వచ్చే ఒక పళ్లెం అన్నం. పిల్లాడికి అది కూడా ఒక మాటే. ఇవాళ వచ్చింది, రేపూ వస్తుంది.

కాబట్టి ఫోన్లో ఇది చూస్తున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నేను చెప్పేది రెండు ముక్కలు. మీకు రేపు కనబడుతుంటే, దాన్ని వాడుకోండి, కానీ అది మీ ఒక్కరి గొప్పే అనుకోకండి. మీకు రేపు కనబడకపోతే, మీలో లోపం ఉందనుకోకండి. పదేళ్ల తర్వాతది వదిలేసి, ఖచ్చితంగా జరిగేది ఒకటి దగ్గరలో పెట్టుకోండి. ఈ వారం ఒక పాఠం, ఈ నెల ఒక ఫీజు. మీతో మాట తప్పని మనిషిని ఒకరిని పట్టుకోండి. వీలైతే ఇంకొకరికి అలాంటి మనిషి అవ్వండి.

నా ఫ్రెండు హైదరాబాదులో బిల్డింగు పనులు చేశాడు, తర్వాత కువైట్ వెళ్లాడు, ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాడు. కూతురు ఏడో తరగతి. పోయిన నెల ఇదే రేవులో కలిసినప్పుడు ఆ రోజు అన్న మాటకి సారీ చెప్పాను. వాడికి అసలు గుర్తు లేదన్నాడు. నేను నమ్మలేదు. కాసేపాగి, ఓపెన్ స్కూల్లో ఇంటర్ రాయడానికి ఫీజు ఆఖరు తేదీ ఎప్పుడో కనుక్కుని చెప్పమన్నాడు. నేను కూతురి కోసం అనుకున్నాను. "దానికి ఇంకా టైముందిరా, నాకే" అన్నాడు.

కనుక్కున్నాను. ఈ వీడియో ఆపగానే వాళ్లింటికి వెళ్లి చెప్పాలి. పంటు కూడా వచ్చేసింది, ఇక్కడితో ఆపుతున్నాను. ఉంటానండి.