రసీదు లేని చదువు: బొల్లారం నుంచి ఒక చరిత్ర

బొల్లారం అనగానే చాలామందికి సికింద్రాబాద్ కంటోన్మెంటు, రాష్ట్రపతి నిలయం గుర్తొస్తాయి. నేను చెప్పబోయేది ఆ బొల్లారం గురించి కాదు. ఒకప్పటి మెదక్ జిల్లా జిన్నారం మండలంలో ఉండి, 2016లో జిల్లాల విభజన తర్వాత సంగారెడ్డి జిల్లాలోకి వచ్చిన పారిశ్రామికవాడ బొల్లారం గురించి. మందుల ఫ్యాక్టరీల వాసన అక్కడి వాళ్లకి ఎంత అలవాటంటే, కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటే నవ్వుతారు.

కొన్నేళ్ల క్రితం ఆ చుట్టుపక్కల ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం ఒకామె మా స్టాఫ్‌రూమ్‌ గుమ్మంలో నిలబడింది. కాంట్రాక్టరు కింద ఒక ఫ్యాక్టరీలో ఊడ్చి తుడిచే పని చేస్తుంది. కూతురు బీటెక్ పూర్తి చేసింది. ఉద్యోగంలో చేరాలంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలి. రెండేళ్ల ఫీజు రీయింబర్స్‌మెంట్ ప్రభుత్వం నుంచి రాలేదు కనుక 70,000 రూపాయలు కట్టి తీసుకెళ్లమని ఆఫీసులో చెప్పారు. ప్రభుత్వం ఇచ్చాక తిరిగి ఇస్తారట. ఆమె నన్ను ఒకటే అడిగింది: "సర్కారు పైసలు ఇయ్యకపోతే మా పిల్ల కాయిదాలు ఎట్ల ఆపుతరు మేడం?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే నా డాక్టరేట్ పట్టాతో సహా నా ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా అదే ఆఫీసులో, అదే బీరువాలో ఉన్నాయి. ఆ పిల్లవి బాకీకి హామీగా, నావి ఉద్యోగం మధ్యలో మానకుండా ఉండటానికి హామీగా. పాఠం చెప్పిన స్త్రీ, పాఠం విన్న స్త్రీ ఇద్దరూ ఒకే తాళం కింద ఉన్నారన్న సంగతి నాకు ఆరోజే అర్థమైంది. ఆ తాళం ఎప్పుడు, ఎవరు చేయించారో తెలుసుకోవాలనుకున్నాను.

హైదరాబాద్ రాజ్యంలో స్త్రీల ఉన్నత విద్య చరిత్ర చెప్పేటప్పుడు మనం మామూలుగా 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం, 1924లో దాని మహిళా కళాశాల, 1928లో మాడపాటి హనుమంతరావు నారాయణగూడలో పెట్టిన తెలుగు బాలికల పాఠశాల పేర్లు తలుచుకుంటాం. ఆ తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్థాపించిన ఆంధ్ర మహిళా సభ కళాశాలలు. ఆ కాలాన్ని స్వర్ణయుగం అనను. ఆ గుమ్మాలు దాటినవాళ్లు ఎక్కువగా పట్టణ మధ్యతరగతి, పై కులాల స్త్రీలు. ఊడ్చే తల్లి కూతురు ఆ తరగతి గదుల్లో లేదు. కానీ ఒక తేడా ఉంది. వాటికి చందాలు ఇచ్చినవాళ్లు చదువుకి ఇచ్చారు. సీటుకి ధర కట్టి అమ్మడం అప్పటికింకా వ్యాపారం కాలేదు.

ఆ మార్పు 1970ల చివర్లో మొదలైంది. 1977లో విజయవాడలో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాల అదే. హైదరాబాద్‌లో 1979లో చైతన్య భారతి, 1981లో వాసవి వచ్చాయి. హరిత విప్లవం తర్వాత డెల్టా జిల్లాల పొలాల్లో మిగిలిన డబ్బు సినిమాల్లోకి, కాంట్రాక్టుల్లోకి, ఫ్యాక్టరీల్లోకి వెళ్లినట్టే కళాశాలల్లోకీ వెళ్లింది. 'డొనేషన్' అనే మాట తెలుగు ఇళ్లలో వాడుక మాటయింది. దాన్ని ఆపడానికి 1983లో రాష్ట్ర ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం తెచ్చింది.

ఆ చట్టాన్ని 1961 నాటి వరకట్న నిషేధ చట్టం పక్కన పెట్టి చూడండి. రెండూ నిషిద్ధమే, రెండూ నడుస్తూనే ఉన్నాయి. రెండింటికీ రసీదు ఉండదు. ఇంకా దగ్గరి బంధం ఒకటుంది. కొడుకు సీటుకి కట్టిన డొనేషన్‌ని ఎన్నో కుటుంబాలు పెట్టుబడిగానే చూశాయి. అది తిరిగొచ్చే దారుల్లో ఒకటి అతని పెళ్లి. అంటే ఇంజనీరు అల్లుడి చదువు ఖర్చులో కొంత, ఎవరో ఒక ఆడపిల్ల తండ్రి ఆలస్యంగా కట్టాడన్నమాట. మరి ఆ ఆడపిల్ల చదువుకి? 'ఎలాగూ కట్నం ఇవ్వాలి కదా, దానికి కూడా డొనేషన్ ఎందుకు' అన్న లెక్క మనలో చాలామంది ఇళ్లలో విన్నదే. ఉన్నత విద్య ఆర్థిక చరిత్ర రాసినవాళ్లు ఈ రెండో ఖాతాను సాధారణంగా తెరవరు.

న్యాయస్థానాల చరిత్రలో ఈ వ్యాపారాన్ని మొదట గట్టిగా నిలదీసిన కేసు ఒక స్త్రీ పేరు మీదే ఉంది. మోహినీ జైన్ ఉత్తరప్రదేశ్ అమ్మాయి. కర్ణాటకలో ప్రైవేటు వైద్య కళాశాలలో సీటుకి ఆమెకు నిర్ణయించిన ఫీజు ఏడాదికి 60,000 రూపాయలు. అదే రాష్ట్రంలో ప్రభుత్వ సీటుకి 2,000. క్యాపిటేషన్ ఫీజు చెల్లదని, చదువు హక్కని 1992 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది మన రాష్ట్రంలో ప్రైవేటు వైద్య, దంత కళాశాలలకు ఇచ్చిన అనుమతులను హైకోర్టు కొట్టేస్తే, ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి పదవి వదులుకోవలసి వచ్చింది. కళాశాలల అనుమతి ఒక ప్రభుత్వాధినేతను దించేంత పెద్ద వ్యవహారమైందంటే, అందులో ఎంత డబ్బు తిరుగుతోందో ఊహించుకోవచ్చు.

1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు మధ్యేమార్గం చూపింది. ప్రతివాదుల్లో మన రాష్ట్రమే మొదటిది. విద్య వ్యాపారం కాకూడదంటూనే సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంటు సీట్లు అంది. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు ఆ పథకాన్ని పక్కన పెట్టింది. విద్యాసంస్థ పెట్టడం ఒక వృత్తి, సహేతుకమైన మిగులు ఉండొచ్చు, లాభార్జన మాత్రం కూడదు అంది. మిగులుకీ లాభానికీ మధ్య గీత ఎక్కడ? సంస్థ సొసైటీ పేరు మీద ఉంటుంది, లాభాపేక్ష లేదని రాసి ఉంటుంది. మిగులు కొత్త భవనమవుతుంది, బస్సవుతుంది, పక్క సర్వే నంబరులో ఇంకొంత భూమి అవుతుంది. 2005 ఇనాందార్ తీర్పు తర్వాత యాజమాన్య కోటా స్థిరపడింది. ఇప్పుడు మన దగ్గర 70 శాతం కన్వీనర్ సీట్లు, 30 శాతం మేనేజ్‌మెంట్ సీట్లు.

ఇక మళ్లీ బొల్లారం వైపు వద్దాం. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతంలో 1970ల నుంచి పరిశ్రమలు పెరిగాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి ఎన్నికయ్యాక ఆ వేగం ఇంకా పెరిగింది. నక్కవాగు రంగు మారింది. దాని ఒడ్డున పంటలు పోయాయి, పశువులు పోయాయి. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రకటించినప్పుడు ప్రపంచం ఈ ఊళ్ల పేర్లు విన్నది. సేద్యం పోయిన ఇళ్ల స్త్రీలు ఆ ఫ్యాక్టరీల్లోనే ప్యాకింగులో, క్యాంటీన్లలో, ఊడ్చే పనుల్లో కుదిరారు. పొలం పోయాక పిల్లలకు ఇవ్వడానికి చదువు తప్ప మరేమీ మిగల్లేదు.

సరిగ్గా అప్పుడే చుట్టూ కళాశాలలు లేచాయి. బాచుపల్లిలో 1995లో విజ్ఞానజ్యోతి, 1997లో గోకరాజు రంగరాజు కళాశాలలు, అదే 1997లో నర్సాపూర్ దగ్గర సిమెంటు పారిశ్రామికవేత్త బీవీ రాజు పెట్టిన కళాశాల. 2010 దాటేసరికి ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కళాశాలలు 600 దాటాయి, సీట్లు 3 లక్షలు దాటాయి. ఇన్ని సీట్లు కొనగలిగినవాళ్లు ఎక్కడున్నారు? ఆ ప్రశ్నకు 2008లో జవాబు దొరికింది. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్‌ని వెనుకబడిన తరగతులకు, ఆర్థికంగా వెనుకబడినవారికి విస్తరించింది. అప్పటినుంచి ప్రైవేటు కళాశాలలకు అతి పెద్ద కొనుగోలుదారు ప్రభుత్వమే.

ఈ పథకాన్ని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ప్రతి వర్గంలోనూ స్త్రీలకు మూడో వంతు సీట్లు కేటాయించే నియమం, ఈ ఫీజు చెల్లింపు కలిసినందువల్లే నా తరగతిలో ముందు బెంచీల నిండా అమ్మాయిలుండేవారు. వాళ్లలో చాలామంది ఇంట్లో మొదటి డిగ్రీ వాళ్లదే. అయినా ఆ డబ్బు వెళ్లే దారి చూడాలి. తెలంగాణలో ఈఏపీసెట్‌లో 10,000 లోపు ర్యాంకు రాని బీసీ అమ్మాయికి ప్రభుత్వం ఇచ్చేది ఏడాదికి 35,000. 2022లో సవరించిన ఫీజుల్లో కనీసం 45,000, గరిష్ఠం 1,60,000. కనీస ఫీజున్న చోట నాలుగేళ్లలో ఇంటిమీద పడేది 40,000. గరిష్ఠ ఫీజున్న చోట 5 లక్షలు. కాబట్టి కొడుక్కి పేరున్న కళాశాల, కూతురికి ఇంటి ముందు బస్సాగే కళాశాల. ఎంపిక ఆమెదే అంటాం, కానీ తీసివేత లెక్క ముందే అయిపోయి ఉంటుంది.

డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్న తగవు కూడా చరిత్రలో భాగమే. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఈ సొమ్మును తల్లుల ఖాతాల్లో వేశారు. యాజమాన్యాలు కోర్టుకు వెళ్లాయి. కళాశాలల ఖాతాల్లోనే వేయాలని అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు చెప్పింది. 2024లో ప్రభుత్వం మారాక చెల్లింపు మళ్లీ కళాశాలల వైపే మళ్లింది. తల్లుల చేతికిస్తే డబ్బు కళాశాలకు చేరదన్నది వాదన. కొందరి విషయంలో నిజం కావచ్చు. కానీ ఏళ్ల తరబడి బకాయి పెట్టింది తల్లులు కాదు, ప్రభుత్వాలు. తెలంగాణలో 2025 నవంబరులో బకాయిల కోసం యాజమాన్యాలే కళాశాలలు మూసి సమ్మె చేశాయి. యాజమాన్యం ప్రభుత్వం మీద ఒత్తిడి తేవాలంటే సమ్మె చేయగలదు. విద్యార్థిని మీద తేవాలంటే బీరువా తాళం చాలు. సర్టిఫికెట్లు ఆపకూడదని యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పింది. అది ఆ తాళం దాకా రాలేదు.

బకాయి భారం మోసే రెండో మనిషి అధ్యాపకురాలు. ఇంజనీరింగ్ కళాశాలల్లో ఇంగ్లీషు, గణితం, రసాయన శాస్త్రం చెప్పే విభాగాల్లో స్త్రీలే ఎక్కువగా కనిపిస్తారు. నేను పనిచేసిన చోట జీతం బ్యాంకులో నిండుగా పడేది. తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించడానికి ఆ కాగితం చాలు. అందులో కొంత నగదుగా తిరిగి ఇచ్చేయాలి. ప్రభుత్వం బిల్లులు ఆపితే ఆ జీతం కూడా నెలలు ఆగేది. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. మా విభాగంలో గర్భవతి అయిన సహోద్యోగిని మాత్రం రాజీనామా చేసి, తర్వాత 'కొత్తగా' చేరింది. ఆమె సర్వీసు మళ్లీ సున్నా నుంచి మొదలైంది. తిరిగి ఇచ్చిన జీతానికీ రసీదు లేదు.

ఇప్పుడు ఈ ప్రాంతాన్ని విద్యా కేంద్రం అంటున్నారు. 2008లో మొదలైన ఐఐటీ కందిలో ఉంది. రుద్రారంలో 2009 నుంచి గీతం ఉంది. సదాశివపేట దగ్గర వోక్సెన్, 2018 ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం కింద 2020లో విశ్వవిద్యాలయమైంది. ఆ చట్టంలో స్థానికులకు 25 శాతం సీట్లున్నాయి, కుల ప్రాతిపదికన రిజర్వేషన్ లేదు. కొరత కళాశాలలది కాదు. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 18-23 ఏళ్ల జనాభాలో లక్షమందికి తెలంగాణలో 52 కళాశాలలున్నాయి. దేశ సగటు 30. కొరత ప్రభుత్వ కళాశాలలది. 2012లో సుల్తాన్‌పూర్‌లో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల, 2016 తర్వాత బుదేరాలో సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాల వచ్చాయి. అలాంటి చోట సర్టిఫికెట్‌ని తాకట్టు పెట్టుకునే యజమాని ఉండడు. ఏటా ప్రైవేటు బిల్లులకు వెళ్లే సొమ్ములో కొంతైనా ఇలాంటివి కట్టడానికి వెళ్లి ఉంటే ఈ జిల్లా చరిత్ర మరోలా ఉండేది.

ఆ తల్లి మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చింది. డ్వాక్రా గ్రూపులో అప్పు తీసి, చెవి కమ్మలు కుదువ పెట్టి 70,000 తెచ్చింది. ప్రభుత్వం కళాశాలకు పడ్డ బాకీని బొల్లారంలో పదిమంది ఆడవాళ్ల పొదుపు తీర్చింది. వడ్డీ ఆమెదే. కూతురు సర్టిఫికెట్లు కవరులో పెట్టుకుంటుంటే ఆమె కౌంటరు దగ్గరే ఆగి, "రసీదు ఇయ్యుండ్రి సార్" అంది. ప్రభుత్వం డబ్బు వచ్చాక లెక్క చూస్తామన్నారు. ఆమె ఇంకోసారి అడిగింది. అతను తలెత్తలేదు.

ఆ తర్వాత కొద్ది నెలలకు నేనూ నా కాగితాలు విడిపించుకుని బయటికొచ్చాను. ఒక నెల జీతం వదులుకున్నాను. నేను రసీదు అడగలేదు. డాక్టరేట్ ఉన్న నాకు రాని ఆ మాట ఆమెకు వచ్చింది. ఉన్నత విద్య ఆర్థిక చరిత్ర ఎప్పుడు రాసినా, ఆమె అడిగిన చోటు నుంచే మొదలుపెట్టాలనిపిస్తుంది.